ఫెర్రీ వీధి బడి మూసేసిన ఏడు

మా నార్డెన్ ఊళ్ళో సర్కారు బళ్ళన్నీ ఒకే స్కూలు జిల్లా కింద, ఒకే బోర్డు అజమాయిషీలో నడుస్తాయి. కాగితం మిల్లు మూడు షిఫ్టులు ఆడిన రోజుల్లో నదికి అటూ ఇటూ కలిపి ఆరు చిన్న బళ్ళుండేవి. వాటి పైన ఒక మిడిల్ స్కూలు, ఒక హైస్కూలు. మిల్లు మూతపడ్డాక పిల్లాపాపలున్న కుటుంబాలు ఒక్కొక్కటే ఊరు వదిలిపోయాయి. చిన్న బళ్ళు చివరికి రెండే మిగిలాయి. నదికి తూర్పున ఫెర్రీ వీధి బడి, పడమటి గట్టు మీద పైన్ రిడ్జ్ బడి.

ఈ జిల్లాకి సూపరింటెండెంటు వెండెల్ హోల్సెన్. నేను అతని ఆఫీసులో గుమాస్తాని, పక్కింటి మనిషిని కూడా. అతను నిక్కర్లు వేసుకున్ననాటి నుంచీ ఎరుగుదును. అందుకని ఆఫీసులో "సార్" అనేదాన్ని, పెరట్లో "ఏమయ్యా వెండెల్" అనేదాన్ని.

ఏటా ఆగస్టులో కొత్త టీచర్లని పసుపుపచ్చ బస్సెక్కించి జిల్లా అంతా తిప్పేవాడు. ముందు నిలబడి, కమ్మీ పట్టుకుని, వీధి వీధీ చూపించేవాడు. "ఈ వరస ఇళ్ళల్లో అమ్మలు రాత్రి డ్యూటీలు చేస్తారు. పిల్లలు తినకుండా వస్తారు. ముందు ఏదైనా తినిపించండి, పాఠం ఎక్కడికీ పోదు," అనేవాడు. అలా గలగల మాట్లాడేవాడు కాస్తా ఫెర్రీ వీధి మలుపు తిరగ్గానే, "ఇది ఫెర్రీ వీధి బడి. మంచి బడి," అని కూర్చుండిపోయేవాడు.

వెండెల్ కొడుకు కోరీ ఆ బడిలోనే నాలుగో తరగతి చదివాడు. ఒక శుక్రవారం తలనొప్పి అంటూ బడి నుంచి వచ్చాడు. ఆదివారం సాయంత్రానికి లేడు. మెదడువాపు అన్నారు.

ఆ తర్వాత వెండెల్ భార్య మార్లిస్ చాలాకాలం గడప దాటలేదు. ఒక గురువారం మాత్రం తనంతట తానే కోటు తొడుక్కుని ఆ బడికి వెళ్ళింది. లైబ్రరీలో నాలుగో తరగతి పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కథలు చదివింది. అప్పటినుంచి ఏళ్ళ తరబడి ఏ గురువారమూ మానలేదు. పిల్లలు ఆమెని "గురువారం ఆంటీ" అనేవారు. ఆ లైబ్రరీ గోడ మీద కోరీ తరగతి పిల్లలు తలా ఒక చేప బొమ్మ వేశారు. కోరీ వేసిన చేప పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంటుంది. మార్లిస్ కుర్చీ ఎప్పుడూ ఆ గోడ పక్కనే.

ఆ ఏడు స్కూలు బోర్డు తేల్చి చెప్పింది. రెండు బళ్ళు ఇక పోషించలేం, ఒకటి మూయాలి, ఏదో నువ్వే చెప్పు అని వెండెల్ మీద పెట్టింది. ఫెర్రీ వీధి బడి కప్పు కారుతోంది. పైన్ రిడ్జ్‌లో గదులు వేడిచేసే బాయిలర్ పాతది, వెనక గోడ బీటవారింది. చూడటానికి వచ్చిన ఇంజనీరుకి కాఫీ ఇస్తూ అతనన్న మాట నేను చెవులారా విన్నాను. "కప్పు వేసుకోవచ్చు సార్. పునాది కదిలితేనే కష్టం. నా ఇల్లయితే నేను ఫెర్రీ వీధిదే ఉంచుకుంటాను," అన్నాడు. వెండెల్ తలూపాడు.

ఆ శుక్రవారం వెండెల్, మార్లిస్, నేను బార్లో చేపల వేపుడు తింటున్నాం. ఇనప సామాన్ల కొట్టు గ్లెన్ డ్వోరాక్ పక్క బల్ల దగ్గరున్నాడు. బోర్డుకి ఛైర్మన్ అతనే. వెండెల్ వాళ్ళు వెనకే కూర్చున్నది అతను చూసుకోలేదు.

"ఇంకేముంది, పైన్ రిడ్జ్‌కి తాళం పడ్డట్టే. కొడుకు చదివిన బడిని వెండెల్ మూయనిస్తాడా?"

"అది బడేంటి గ్లెన్, వాళ్ళకి సమాధి. ఊరందరి పన్నుతో నడిచే సమాధి," అన్నాడు ఇంకొకడు. నలుగురూ నవ్వారు.

వెండెల్ ఫోర్కు కింద పెట్టేశాడు. మార్లిస్ అతని చెయ్యి మీద చెయ్యి వేసింది. "వాళ్ళ నోరు వాళ్ళిష్టం. నువ్వు తిను," అంది. అతను ఇక ముట్టలేదు.

ఫిబ్రవరిలో, మంచు దట్టంగా కురుస్తున్న రోజు, హైస్కూలు జిమ్‌లో బహిరంగ సభ పెట్టారు. మడత కుర్చీలు చాలక జనం గోడలకానుకుని నిలబడ్డారు. మార్లిస్ నా పక్కనే కూర్చుంది. వెండెల్ మైకు ముందుకొచ్చి, తలెత్తకుండా, "ఫెర్రీ వీధి బడి మూసేయాలని నా సలహా," అన్నాడు.

మార్లిస్ నా వైపు తిరిగింది. "ఏమన్నాడు?" అంది. ఆమెకి ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదని నాకప్పుడే అర్థమైంది.

తూర్పు వాడ నుంచి డార్లా అనే తల్లి లేచింది. చంకలో నిద్రపోతున్న పసిది. "మా పిల్లలు నడిచెళ్ళే బడి అది. ఇప్పుడు వంతెన దాటాలా? జనవరిలో ఆ వంతెన మీద గాలెలా కొడుతుందో నీకు తెలుసా సారూ?"

"బస్సు వేస్తామమ్మా."

"బస్సు తప్పిపోతే? నాకు కారు లేదు. ఎత్తుకుని పరిగెత్తాలా?"

వెండెల్ మైకు వదిలి పక్కకి జరిగాడు.

బోర్డు వాళ్ళందరూ సరేనని ఓటుకి చేతులెత్తారు, పని అయిపోయింది. గ్లెన్ వేదిక దిగొచ్చి వెండెల్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. "నిన్ను తప్పుగా అనుకున్నానయ్యా. నిఖార్సైన మనిషివి నువ్వు," అన్నాడు. వెండెల్ మొహం చెంపదెబ్బ తిన్నట్టు అయిపోయింది.

బయట నేను నా కారు అద్దం మీద మంచు గీకుతున్నాను. వాళ్ళ కారు పక్కనే ఉంది. మార్లిస్ అందులో ఎక్కకుండా తలుపు దగ్గరే నిలబడింది.

"ఒక్కటి చెప్పు వెండెల్. మన కోరీ అక్కడ చదవకపోయుంటే, దాన్ని మూసేవాడివా?"

"కప్పు కారుతోంది మార్లిస్. పిల్లల సంఖ్య చూస్తే..."

"నేను కప్పు గురించి అడగలేదు."

అతను తాళాలు చేతిలో అటూ ఇటూ తిప్పాడు. ఆమె కాసేపు చూసింది. తర్వాత నా కారెక్కింది. "బండి పోనీ ఆర్లీన్," అంది.

జూన్‌లో బడి చివరి గురువారం కూడా మార్లిస్ వెళ్ళి చదివింది. పిల్లలు వెళ్ళిపోయాక గోడ దగ్గర నిలబడింది. ఆ బొమ్మలు నేరుగా సున్నం మీద వేసినవి, ఊడదీసి తెచ్చుకోవడానికి లేదు. వెండెల్ వరండా దాకా వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడు. ఆ నెలాఖరుకి మార్లిస్ రెండు పెట్టెలు సర్దుకుని పక్క కౌంటీలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళింది.

చలికాలం వచ్చింది. క్రిస్మస్ సెలవులయ్యాక పైన్ రిడ్జ్ బాయిలర్ చచ్చింది. గడ్డకట్టిన నేల ఉబ్బి వెనక గోడ జరిగింది. పిల్లల్ని చర్చి నేలమాళిగలో కూర్చోబెట్టి పాఠాలు చెప్పారు. వాళ్ళు కోట్లు విప్పకుండానే రాసుకునేవారు. తూర్పు వాడ పిల్లలు సగం రోజులు రానేలేదు. ఫెర్రీ వీధి బడి మళ్ళీ తెరుద్దామా అని వెళ్ళి చూస్తే, వేడి లేక గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి, అవి పగిలి గదుల్లో మంచు పేరుకుపోయి ఉంది.

వెండెల్‌ని ఎవరూ ఏమీ అనలేదు. అతనే తర్వాతి బోర్డు సమావేశంలో లేచి నిలబడ్డాడు.

"ఉంచాల్సింది ఫెర్రీ వీధి బడిని. నాకు తెలుసు. నా కొడుకు కోసం ఉంచానంటారని భయపడి మూయించాను. నా పేరు కాపాడుకోవడానికి ఆ పిల్లల్ని చలిలోకి తోశాను."

"ఇప్పుడెందుకయ్యా ఇవన్నీ," అన్నాడు గ్లెన్. నా వైపు తిరిగి, "ఆర్లీన్, ఇది సమావేశం మినిట్స్‌లో ఎక్కించకు," అన్నాడు.

"ఎక్కించు," అన్నాడు వెండెల్. ఎక్కించాను. వసంతంలో అతను రాజీనామా చేశాడు.

సమావేశం సంగతి మార్లిస్‌కి ఫోన్‌లో నేనే చెప్పాను. "ఆ మాట ఆ రోజు కారు దగ్గర నాతో అనుంటే సరిపోయేది," అంది.

మరుసటి వేసవిలో బడి పడగొట్టారు. మార్లిస్ బస్సులో వచ్చింది. కంచె దగ్గర వెండెల్ ముందే నిలబడి ఉన్నాడు. ఇద్దరి మధ్యా పదిమంది పట్టేంత దూరం. యంత్రం లైబ్రరీ వైపు తిరిగినప్పుడు ఆమె కళ్ళు మూసుకుంది. అతను నడిచొచ్చి పక్కన నిలబడ్డాడు. మీద చెయ్యి వేయలేదు.

మధ్యాహ్నం ఇద్దరినీ మా ఇంటికి తీసుకొచ్చి కాఫీ పోశాను. కోరీ పోయాక వాళ్ళిద్దరూ కూర్చుని వాడి గురించి మాట్లాడుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను. వాడికి బఠాణీలంటే ఎంత అసహ్యమో, వాటిని నాన్న కోటు జేబులో ఎలా దాచేవాడో చెప్పుకున్నారు. మార్లిస్ నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, బస్సుకి వేళయిందని లేచింది. బస్సు దగ్గర తాను దింపుతానన్నాడు వెండెల్. ఆమె వద్దనలేదు.

దింపి వచ్చాక అతను ఇంట్లోకి పోకుండా మా మెట్ల దగ్గర ఆగాడు.

"వాడి గొంతు తనకింకా వినబడుతూనే ఉంటుందట ఆర్లీన్," అన్నాడు. "నాకు ఎంత ప్రయత్నించినా గుర్తు రావడం లేదు."

లోపలికి రావయ్యా అన్నాను. రాలేదు.