నల్ల సంచి వచ్చేలోపు

పాస్టరుగారు నాలుగింటికి వస్తానన్నారు. కృపమ్మ గడియారం చూసింది. రెండున్నర.

ఆ ఊళ్లో పాస్టరుగారు నల్ల సంచిలో రొట్టె, ద్రాక్షరసం పెట్టుకుని ఇంటికొచ్చి ప్రభువు బల్ల, అదే ఆ రొట్టె-రసం సంస్కారం, ఇస్తే, ఆ మంచం మీది మనిషి ఇక లేవడని చిన్నపిల్లలకి కూడా తెలుసు. హాస్టళ్లలో పెరిగి, అమలాపురం కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్న కొడుకు జయప్రకాష్‌కి మాత్రం అది తట్టలేదు. నాన్న మనసు నెమ్మదిస్తుందని తనే ఫోన్ చేసి పిలిచేశాడు. ఆయనకి అల్సరనే చెప్పాలని నలభై రోజుల కిందట అందరి చేతా ఒప్పించినవాడూ అతనే. డాక్టరు చెప్పింది కేన్సరు, రెండు నెలలు.

కృపమ్మ భర్త సత్యానందం మాస్టారు ఒత్తిగిలి పడుకుని కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూస్తున్నారు. పదకొండేళ్లుగా ఆయన బల్ల ముట్టలేదు. తల్లి సమాధి రాతి మీద కొడుకుల పేర్లుండాల్సిన చోట తమ్ముడు శ్యామ్ బాబు తన పేరొక్కటే చెక్కించుకున్నాడు. ఆనాటి నుంచి మాటల్లేవు. "తమ్ముడితో పలక్కుండా ఆ రొట్టె ఎలా తింటానే?" అనేవారు. వెళ్లి మాట్లాడండి అంటే, "ఈ దింపు అయిపోనీ" అనేవారు. చెట్ల కాయలు దింపడం రెండు నెలలకోసారి. అలా ఎన్ని దింపులో అయిపోయాయి.

చెబితే ఆ మాటకే గుండె ఆగిపోతుందేమో. చెప్పకపోతే గుమ్మంలో సంచే చెబుతుంది. కృపమ్మ మంచం దగ్గరికి వెళ్లింది.

"ఏవండీ, పాస్టరుగారు వస్తున్నారండి."

"ప్రార్థనకా?"

"కాదండి. బల్లకి."

ఆయన కిటికీ వైపు నుంచి ఇటు తిరిగి, "ఎన్నాళ్లన్నారే?" అన్నారు.

"రెండు నెలలండి. అన్నది నలభై రోజుల కిందట."

"నీకప్పుడే తెలుసా?"

"ఆయ్."

"అవి నా రోజులు కృపా. నాకు చెప్పకుండా మీరు వాడేసుకున్నారు."

"భయపడతారనండి."

"భయం కూడా నాదే కదే. నాకివ్వాలి." ఆయన లేచి కూర్చున్నారు. "చొక్కా ఇటియ్యి."

తమ్ముడి ఇల్లు కాలవ గట్టు మీద నాలుగిళ్ల దూరం. దారిలో రెండుసార్లు కూలబడ్డారు. రెండోసారి కృపమ్మ ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుని లేపింది.

తమ్ముడి భార్య ఎలీసమ్మ వాళ్లని చూసి చేతిలో చేట కింద పెట్టేసింది. "రండి బావగారూ. ఆయన అరటిగెలల లోడు వెనకాల మోటారుసైకిలు మీద రావులపాలెం వెళ్లేరండి."

"ఫోన్ చేసి రమ్మనమ్మా. నా జబ్బు సంగతి మాత్రం చెప్పకు. జాలికొద్దీ వస్తే వాడొచ్చినట్టు కాదు."

"మళ్లీ దాపరికమాండీ?" అంది కృపమ్మ.

ఆయన ఆవిడ మొహంలోకి చూసి, నవ్వబోయి దగ్గారు. "పట్టేసుకున్నావే. సరే ఎలీసమ్మా, కేన్సరని, రెండు నెలలన్నారని అంతా చెప్పెయ్యి."

ఎలీసమ్మ పెరట్లోకి వెళ్లి మాట్లాడి వచ్చింది. "బయల్దేరుతున్నారండి. గంట పైనే పడుద్దంట."

"ఏమన్నాడు?"

"జబ్బు సంగతి విని ఏమీ అనలేదండి. వస్తానన్నారంతే."

కృపమ్మ పాస్టరుగారికి ఫోన్ చేసి, మా ఇంటికి కాదండి ఇక్కడికి రండి అని చెప్పింది. నాలుగింటికి సంచి వచ్చి బల్ల మీద కూర్చుంది. మాస్టారు దాని వైపు సూటిగానే చూశారు. "మా తమ్ముడు రావాలండి" అన్నారు.

నాలుగూ పావు. గట్టు మీద మోటారుసైకిలు వినబడింది. ఆగకుండా వెళ్లిపోయింది. నాలుగున్నర. మాస్టారి పెదాలు పాలిపోయాయి. పడుకోమంటే తల అడ్డంగా ఊపారు. తమ్ముడికి చోటుండాలని పక్కనున్న కుర్చీ మీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

ఇంకో మోటారుసైకిలు గుమ్మం ముందు ఆగింది. శ్యామ్ బాబు లోపలికొచ్చి సంచిని చూశాడు, అన్నని చూశాడు.

"కాళ్లు కడుక్కుని రారా" అన్నారు మాస్టారు. "పాస్టరుగారు కాచుకున్నారు."