వేణుగోపాలరావు గారి ఆనపబుర్ర

పురుగులంటే నాకు ముందే చీదర. అలాంటిది, నా మొగుడు చొక్కాలో పురుగుని పెట్టుకుని ఇంటికొచ్చాడు.

"ఏంటండీ ఆ కిచకిచ?" అన్నాను తలుపు తీస్తూనే.

డేనియల్ రెండు గుండీలు విప్పి, లోపల్నించి ఎండిన ఆనపబుర్ర ఒకటి తీశాడు. పిడికిలంత ఉంది. పాలిపోయిన పసుపు రంగు. చుట్టూ ఉబ్బెత్తుగా కొంగలు, తామరపూలు. పైన చిల్లుల మూత. ఆ చిల్లుల్లోంచి రెండు మీసాలు బయటికొచ్చి కదిలాయి. నేను రెండడుగులు వెనక్కేశాను.

"కీచురాయిలే, ఏం చెయ్యదు," అన్నాడు. "వేణుగోపాలరావు సార్‌ది. చైనాలో ఉద్యోగం చేసినప్పట్నించి ఆయనకి ఇలా కీచురాళ్ళని పెంచే బుర్రల పిచ్చి. లీవులో హైదరాబాద్ వెళ్తున్నారు. వచ్చేదాకా చూసుకోమన్నారు. ఏసీ చలికి చచ్చిపోతుందంట, ఎప్పుడూ ఒంటికి ఆనించి ఉంచాలంట."

వేణుగోపాలరావు వీళ్ళ కంపెనీ మేనేజరు. సూపర్‌వైజర్ పోస్టు ఆయన చేతిలో ఉంది. అది వస్తే కంపెనీ ఫ్యామిలీ ఫ్లాటు ఇస్తుంది. రాజోల్లో మా అక్క దగ్గర ఉంచిన పాపని తెచ్చుకోవచ్చు. ఇప్పుడు ఈ గల్ఫు దేశంలో, ఉమ్ ఘువైలినా అనే పేటలో మాకున్నది ఇంకొకళ్ళ ఫ్లాటులో ఒక గది. అందుకని నోరు మూసుకున్నాను. పూర్తిగా మూసుకున్నానని చెప్పను.

"ఈ కొంగల్ని ఎలా చెక్కుతారంట?"

"చెక్కరు జెరూషా. పిందెగా ఉన్నప్పుడే అచ్చులో పెట్టి బిగించేస్తారు. ఎటూ పెరగడానికి లేక, అచ్చులో ఏ బొమ్మలుంటే అవే ఒంటి మీదికి తెచ్చుకుంటుంది."

"ఛీ, అదేం సరదా!" అన్నాను.

ఇక మొదలైంది నా నరకం. పడుకుంటే మా ఇద్దరి మధ్య అది. దానికి ఆపిల్ ముక్కలు, క్యారెట్ తురుము. తిన్నదంతా నల్లటి పెంటికలుగా వేసేది. వాటిని పుల్లతో గీకి, అదే చేత్తో అన్నం కలపబోయేవాడు. "సబ్బు పెట్టి కడుక్కోండి బాబూ!" అని అరిచేదాన్ని. ఎండలో, సైటు మీద కూడా చొక్కాలోంచి తీసేవాడు కాదు. చెమటకి నాని బుర్ర పులిసిన కంపు కొట్టేది. రొమ్ము మీద చర్మం కందిపోయి, కొంగ కాలు అచ్చు పడింది. ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం మెసైమీర్ చర్చిలో పాస్టర్ గారు ప్రార్థన చేస్తుంటే డేనియల్ చొక్కాలోంచి కీచుమంది. పిల్లలు కిసుక్కుమన్నారు. నేను కొంగులో మొహం దాచుకున్నాను.

సార్ తిరిగొచ్చే ముందు అది చచ్చింది.

డేనియల్ మొహంలో నెత్తురు లేదు. ఆ సాయంత్రం కిందకి దిగి చూస్తే, బిల్డింగ్ వెనక డ్రైనేజీ మూత తీసి, మోకాళ్ళ మీద వంగి, ఫోను లైటు వేసి ఇంకో కీచురాయి కోసం వెతుకుతున్నాడు. బొద్దింకలు ముంజేతుల మీదుగా పాకుతున్నాయి. ప్రార్థనలో కూడా ఆయన అంత వంగగా నేను చూడలేదు.

"లేవండి! సిగ్గనేది ఉందా మీకు?"

"పాప రావాలా వద్దా?" అన్నాడు తలెత్తకుండానే.

కీచురాయి దొరకలేదు. ఆ మర్నాడే సార్ బుర్ర కోసం మా గదికే వచ్చారు.

"కాఫీ తాగుతారా సార్?"

"వద్దమ్మా."

"మంచినీళ్ళన్నా తాగండి."

"అబ్బే, ఇప్పుడే తాగొచ్చాను."

ఎండకి ఆయన పెదాలు అట్టకట్టి ఉన్నాయి. నేను పెట్టిన గ్లాసు వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

డేనియల్ రెండు చేతులతో బుర్ర అందించాడు. "సార్... అది చచ్చిపోయింది సార్."

ఆయన మూత తీసి, నేను అన్నం వడ్డించే టేబులు మీద బుర్రని బోర్లించి తట్టారు. చచ్చిన పురుగు, ఊడిన కాలు ఒకటి రాలాయి. "పోతే పోయిందిలే. ఎలాగూ ఎక్కువ కాలం బతకవవి," అంటూ బుర్రని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళారు. ఆ పాలిపోయిన పసుపు ఇప్పుడు లేదు. తేనె రంగు తిరిగి నిగనిగలాడుతోంది.

"అబ్బ! ఎలా తిరిగిందో చూడు! పురుగుదేముందయ్యా, బుర్రకి చెమట పట్టాలి. నాది పొడి ఒళ్ళు, పైగా రోజంతా ఏసీలో ఉంటాను. నేనెన్నాళ్ళు పెట్టుకున్నా ఈ రంగు రాదు. మీవాళ్ళ చెమటే వేరు!" అని బుర్రని చెంపకేసి రుద్దుకున్నారు. ఈ చెంపకి, మళ్ళీ ఆ చెంపకి.

మా ఇంట్లో గుక్కెడు మంచినీళ్ళు ముట్టని మనిషి, నా మొగుడి చెమటని మొహానికి పూసుకుంటున్నాడు.

"సార్, ఆ సూపర్‌వైజర్ పోస్టు..." అన్నాడు డేనియల్.

"అదా? లీవుకి వెళ్ళే ముందే మా తోడల్లుడి తమ్ముడికి ఇచ్చేశాం కదా. నీకెవరూ చెప్పలేదూ?" అంటూ ఆయన సంచీలోంచి ఇంకో బుర్ర తీశారు. మొదటిదానికంటే పెద్దది. పాలిపోయిన పసుపు. "దీనికి పురుగు గొడవ కూడా లేదు. ఊరికే ఒంటికి ఆనించుకుంటే చాలు."

నేను డేనియల్ వైపు చూశాను. వద్దని చెప్పండి, ఈ ఒక్కసారి వద్దని చెప్పండి అని కళ్ళతోనే బతిమాలాను. ఆయన నన్ను చూడలేదు. సార్ మొహంలోకి చూస్తూ నవ్వాడు.

డేనియల్ చెయ్యి దానంతటదే పైకెళ్ళి రెండు గుండీలు విప్పింది.