ఎర్రమైనం రోజులు

భోజనాల వేళ కొవ్వొత్తుల కార్ఖానాలో ఇన్నాళ్లూ ఒకే గొంతు వినిపించేది. ఎవరి మొగుడు ఎందుకు అలిగాడో, యజమాని కొత్త చెప్పులు ఎందుకు కిర్రుమంటున్నాయో అంతా ఆ గొంతే చెప్పేది. ఆమెను అందరూ మైకమ్మ అనేవారు. ఆ రోజు మైకమ్మ గోడకు ఆనుకుని, వేడినీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. మాట్లాడబోతే గాలి తప్ప మాట రావడం లేదు. మైకు కాలిపోయిందని మొదట్లో నవ్వినవాళ్లు కూడా ఇప్పుడు నవ్వడం మానేశారు.

ఆ ఉదయం ఊడుస్తుంటే మైనం కాగే బాన కింద బొటనవేలంత ఎర్రమైనం ముద్ద దొరికింది. ఎవరో దాన్ని మనిషి మెడలా మధ్యలో నొక్కి, ఆ మెడకు వత్తిదారం బిగించారు.

వత్తిదారం పేనేది కార్ఖానాలో ఒక్కరే. మూలన కూర్చుని, తనలో తాను ఏదో గొణుక్కుంటూ దారాలు మెలితిప్పే వత్తుల అవ్వ. ఆ గొణుగుడు ఏమిటని ఇన్నేళ్లలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఇవాళ మాత్రం అది మంత్రమేనని అందరికీ తెలిసిపోయింది. సాయంత్రం పని దిగాక అవ్వను నిలదీయాలనుకున్నారు. ఒప్పుకోకపోతే ఒప్పించాలనుకున్నారు. ఎలా ఒప్పిస్తారో పైకి అన్నది ఒక్కడే. పళ్లు రాలగొడితే మంత్రం పలకదట అని, అచ్చులు పోసేవాడు అన్నం నములుతూ చెప్పాడు.

బల్ల చివర కూర్చున్న చిన్నకోడలు కలిపిన అన్నం అలాగే వదిలేసింది. ఆమె మైకమ్మకు తోటికోడలు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే చోట పని. ఆ మైనం బొమ్మ ఆమె చేసిందే.

మైకమ్మ చెడ్డ మనిషి కాదు. కానీ ఆ ఇంట్లో మాట్లాడే వంతు ఇంకెవరికీ వచ్చేది కాదు. చిన్నకోడలు కూర గిన్నె దించేలోపే అందులో ఉప్పు ఎక్కువైందని వాడంతా తెలిసేది. ఎదురుచెప్పకపోవడమే మంచితనమని చిన్నకోడలికి పుట్టింట్లో నేర్పారు. కోపం వస్తే ఆమె నవ్వేది. ఆ నవ్వు వెనక పోగైనదంతా ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. ఫోనులో ఎవరో ముఖం చూపించకుండా నేర్పుతున్న చేతబడిలోకి పోయింది.

చేసింది చేసినట్టు రాసుకుంటేనే విద్య పట్టుబడుతుందని ఆ ఫోను మనిషి చెప్పాడు. ఆమె ఒక నోటుపుస్తకం తీసి పాత దుప్పట్ల కింద దాచుకుంది. పని నుంచి వస్తూ ఆ రోజు పోసిన మైనంలోంచి చిన్న ముక్క, కాస్త వత్తిదారం తెచ్చుకునేది. మెడలా నొక్కి, దారం కట్టి, అక్క నోరు మూతపడాలని అనుకునేది. తర్వాత రాసేది: ‘ఎర్రమైనం. దారం బిగించాను. ఫలితం: అక్క దగ్గింది.’ మరో రోజు: ‘తెల్లమైనం. ఫలితం లేదు. నా మనసు గట్టిగా నిలవలేదు.’

మొదటిసారి అక్క దగ్గిన పూట ఆమె కూనిరాగం తీస్తూ అంట్లు తోమింది. తీరా అక్క గొంతు పూర్తిగా పోయాక ఆమె భయపడింది. కట్టిన దారాలు విప్పింది. ముద్దలు కరిగించింది. ‘విప్పాను. ఫలితం లేదు’ అని రాసింది. దారం ముడి ఊడిరాని ఒక్క ముద్దను అలాగే బానలో పడేద్దామని జేబులో వేసుకుని పనికొచ్చింది. అదే జారిపోయింది.

మైకమ్మను ఇంటికి దిగబెట్టి రమ్మని యజమాని చిన్నకోడలినే పంపాడు. దారిలో మైకమ్మ ఆగి ఆగి, గుసగుసగా ఒకే మాట అడిగింది. “ఆ ముసలామెకి నేనేం చేశానే?”

ఇంటికి రాగానే చిన్నకోడలు పుస్తకం తీసి పొయ్యి వెలిగించింది. కాల్చేస్తే ఎవరికీ తెలియదు. బయటపడితే ఏం జరుగుతుందో ఆమె ఒళ్లంతటికీ తెలుసు. జుట్టు పట్టుకునే చేతులు, తలుపు వేసుకునే ఇరుగుపొరుగు, తన నీడ పడితే పిల్లల్ని లోపలికి లాక్కునే తల్లులు. అట్ట అంచు నల్లబడింది. సరిగ్గా అప్పుడు ఆమెకు అవ్వ నోరు గుర్తొచ్చింది. పేనిన దారాన్ని అవ్వ కత్తెరతో కోయదు, పళ్లతో తెంపుతుంది.

చెయ్యి వెనక్కి తీసుకుంది. వంటింటి గుమ్మంలో మైకమ్మ నిలబడి చూస్తోంది.

“అవ్వ కాదక్కా. నేను.”

మైకమ్మ పుస్తకం అందుకుని పీట మీద కూర్చుంది. చిన్నకోడలు చెంపదెబ్బ కోసం ఎదురుచూసింది. దెబ్బ పడితే బాగుండుననిపించింది. కాగితాలు తిరగేస్తున్న చప్పుడే వినిపిస్తోంది.

“కూరలో ఉప్పు ఎక్కువైందన్నందుకా ఇదంతా?” అని గుసగుసగా అడిగింది.

“ఉప్పొక్కటే కాదక్కా.”

“మరి నాతో అనొచ్చుగా.”

“నువ్వు ఆగితే కదా, అనడానికి.”

కాపురానికొచ్చాక ఆమె ఎదురుచెప్పిన మొదటి మాట అది. మైకమ్మ నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగాక మళ్లీ వెనక పేజీలు తిప్పింది. వేలు ఒకచోట ఆగింది.

“తెల్లమైనం పోసిన రోజు నాకేం కాలేదేం?”

“నా మనసు నిలవలేదు.”

“నీ మనసు కాదు, నీ మొహం. ఎర్రరంగు కలిపే రోజు బాన మీదికి వంగేది నేను. ఆ పొగకి కళ్లే మండిపోతాయి. గోడకున్న ఫ్యాను తిరగడం నువ్వెప్పుడైనా చూశావా?”

చిన్నకోడలికి ముందు కలిగింది ఊరట కాదు. చేతిలోంచి ఏదో లాగేసుకున్నట్టయింది. తన శక్తికి తానే హడలిపోయిన ఆ రోజుల్లో, భయం అడుగున చిన్న గర్వం కూడా కూర్చుని ఉంది. ఆ ఇంట్లో తనవల్ల జరిగింది అదొక్కటే అనుకుంది. ఇప్పుడు అదీ లేదు. సిగ్గుతో తల దించుకుంది. అక్క ప్రాణం మీదికొచ్చినా తాను దారాలే విప్పుతూ కూర్చునేదేమో, ఆస్పత్రి మాట ఎత్తేది కాదేమో అని అప్పుడు తట్టింది. అసలైన భయం అప్పుడు పట్టుకుంది.

సాయంత్రం వాళ్లు తిరిగి వెళ్లేసరికి కార్ఖానా తలుపు దగ్గరగా వేసి ఉంది. అవ్వ చుట్టూ జనం. ఒకామె ఆమె మణికట్టు పట్టుకుంది. అవ్వ ఒళ్లోని దారం నేలమీద చిక్కుపడిపోయింది. మైకమ్మ ఆగమంది, ఆ గుసగుస ఎవరికీ వినపడలేదు. గరిటె తీసి బాన మీద కొట్టింది. అందరూ తిరిగాక చిన్నకోడలి భుజం నొక్కింది.

చిన్నకోడలు ముందుకు జరిగింది. “ఆ బొమ్మ నాది” అంది.

ఎవరో ఆమె జడ అందుకున్నారు. మైకమ్మ ఆ చేతిని విడిపించి మధ్యలో నిలబడింది. చిన్నకోడలు పుస్తకం తెరిచి, తాను రాసిన ఒక్కో రోజునూ అందరి ముందూ చదివింది. ఎర్రమైనం, దగ్గింది. తెల్లమైనం, ఏమీ లేదు. ఎర్రమైనం, గొంతు బొంగురుపోయింది. చదివేకొద్దీ, మైకమ్మ గరిటెతో చూపిస్తుంటే, ఒక్కొక్కరే తల ఎత్తి, ధూళి పట్టి బిగుసుకుపోయిన ఫ్యాను వైపు చూశారు. యజమాని మాత్రం తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

పొగకి లోపల వాచిందని, ఇంకాస్త ఆలస్యమైతే గొంతు తిరిగొచ్చేది కాదని ఆస్పత్రిలో డాక్టరమ్మ తర్వాత చెప్పింది. యజమాని గొణుగుతూనే ఫ్యాను బాగుచేయించాడు. అవ్వ మాత్రం చిన్నకోడలితో చాలా రోజులు మాట్లాడలేదు. ఒకనాడు చిన్నకోడలే వెళ్లి పక్కన కూర్చుని, ఏం గొణుక్కుంటావని అడిగింది. మెలికల లెక్క తప్పకుండా లెక్కపెట్టుకుంటానని, ఇప్పుడు నీవల్ల తప్పిందని అవ్వ కసిరి, మళ్లీ మొదటినుంచి పేనడం మొదలుపెట్టింది.

కోపాన్ని నోటితో చెప్పుకునే చోటు లేని ఇంట్లో అది ఇలాగే చీకట్లో దారి వెతుక్కుంటుంది. ఆ సంగతి మైకమ్మకు ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు ఆమె గొంతు సగమే పలుకుతుంది. మిగతా సగం తోటికోడలికి వదిలేశానంటుంది. కార్ఖానాలోకి కొత్తగా ఎవరొచ్చినా బాన దగ్గరికి పిలిచి, పైకి వేలు చూపించి, బొంగురు గొంతుతో ఒకటే చెబుతుంది.

“భయమేసినప్పుడు ముందు ఆ ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండమ్మా, పక్కమనిషి మొహం తర్వాత చూడొచ్చు.”