తమ్ముడైపోయిన బావ

రామనర్సయ్య గోదావరి అవతల చర్ల పక్క నుంచి బస్తర్‌కు వచ్చినప్పుడు ఆయన ఆస్తి ఒక సైకిలు, దాని మీద రెండు బస్తాల ఉప్పు. ఆ ఉప్పు ఎంత తెల్లగా ఉండేదంటే, దాన్ని చూసి కొంగలు సిగ్గుపడి వేరే చెరువుకు వెళ్ళిపోయేవట. వారపు సంతల్లో తిరిగి, జగదల్‌పూర్‌లో కిరాణా దుకాణం పెట్టి, నలభై ఏళ్ళు తిరిగేసరికి ఎమ్మెల్యే అయి రాయపూర్ శాసనసభలో కూర్చున్నాడు.

గెలిపించింది తుమ్మిరిగుడ. ఊరు చిన్నదే గాని ఆ ఊరి పెద్ద హిడ్మా మాట చుట్టుపక్కల ఇరవై ఊళ్ళకు మాట. ఉప్పు అమ్మే రోజుల్లో రామనర్సయ్య ఆ ఊళ్ళో జ్వరంతో పడిపోతే హిడ్మా వాళ్ళమ్మ పదకొండు రోజులు జావ పోసింది. ఆయన ఒంటి మీద కుండ పెడితే అన్నం ఉడికేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. జ్వరం దిగి లేచి కూర్చున్న మనిషి, మన తెలుగువాళ్ళకు అలవాటే కదా, "బావా, ఒక బీడీ ఉందా?" అన్నాడు. భద్రాచలం పక్క మిరపకాయలు ఏరడానికి వెళ్ళి తెలుగు నేర్చుకున్న హిడ్మా ఆ పిలుపును మనలాగా గాలికి వదిలెయ్యలేదు. ఆ ఊళ్ళో బావంటే బావే. ఆ పూట నుంచి రామనర్సయ్య వాళ్ళకు వియ్యపు వైపు మనిషి.

ఆ ఊరికి ఒక కట్టు ఉంది. ఎవరి గోడు వాళ్ళు చెప్పుకోకూడదు. పెళ్ళి మాటలైనా, పొలం తగువైనా, వియ్యపు వైపు మనిషే లేచి మాట్లాడాలి. గోడు ఉన్నవాడు వెనక కూర్చుని నోరు మూసుకోవాలి. తన బాధ తనే చెప్పుకున్నవాణ్ణి చెట్టు కూడా నమ్మదంటారు. అందుకే ఓట్లప్పుడు హిడ్మా ఒక్క ముక్కలో తేల్చేశాడు. "రాయపూర్ పోయి మాట్లాడెటోడు బావనే గావాలె."

శాసనసభలో రామనర్సయ్య హిందీ ఎలా ఉండేదంటే, హల్బీ, గోండీ, తెలుగు మూడూ ఒకే జీపెక్కి, డ్రైవరు లేకుండా ఘాట్ రోడ్డు దిగుతున్నట్టుండేది. రాసుకునే గుమాస్తా కలం పక్కన పెట్టి కళ్ళు తుడుచుకునేవాడు. మంత్రులు నవ్వేవారు. పైన గ్యాలరీలో హిడ్మా మాత్రం భుజాన తువ్వాలు వేసుకుని, రెప్ప వెయ్యకుండా కూర్చునేవాడు. అతణ్ణి చూశాక కింద నవ్వు ఒక్కొక్కటే ఆరిపోయేది. ఆ విధంగా ఊరికి రెండు బోర్లు, ఒక కల్వర్టు, ఒక నర్సమ్మ వచ్చాయి.

మళ్ళీ ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఉమేష్ అనే జగదల్‌పూర్ వకీలు పోటీకి దిగి, కనిపించిన గోడ మీదల్లా ఒకటే మాట రాయించాడు: బాహరీ. బయటివాడు అని. సొంత పార్టీ వాళ్ళు కూడా రామనర్సయ్యను పిలిచి, "సేఠ్‌జీ, మీరు ఇక్కడి మనిషే అని జనానికి ఏదో ఒకటి చూపించండి. లేకపోతే టికెట్ కష్టం" అన్నారు.

ఇంటికి వచ్చి, వడ్డించిన కంచం పక్కకు జరిపాడు.

"నలభై ఐదేండ్ల సంది ఈడి నీళ్ళే తాగుతున్న. ఇంకా బాహరీనేనా?" అన్నాడు భార్య సోమమ్మతో.

"చర్ల పోతే నిన్ను బస్తరోడంటరు. ఈడ తెలుగోడంటరు. నిన్ను మీయమ్మ గోదారి నడుమ పడవల కన్నదేమో."

"నవ్వులాట గాదే."

"నేనేడ నవ్విన? టికెట్ రాకుంటే దుకాణంల కూసుంటవ్. పొద్దుగాల్నుంచి పప్పు బస్తాలకు ఉపన్యాసం జెప్తవ్. గా భయం నాది."

మర్నాడే తుమ్మిరిగుడ వెళ్ళాడు. హిడ్మా వెదురు బద్దలతో చేపల బుట్ట అల్లుతున్నాడు. అతని భార్య మంగ్లీ ఇప్పపూలు ఏరుతోంది.

"బావా, నన్ను మీ ఇంట్ల కలుపుకో. నీ గోత్రం ఇయ్యి. తమ్ముణ్ణి చేసుకో."

హిడ్మా బద్ద వంచుతూ, "బావగ ఏం తక్కువైంది నీకు? కల్లు పోస్తున్నం, ఎగతాళి జేస్తున్నం" అన్నాడు.

"బాహరీ అంటున్నరు."

"బాహరీవే గద. అందుకే గద పంపింది."

రామనర్సయ్య ముఖం మాడిపోయింది. "నువ్వు గూడ గట్లనే అంటివి."

"కలుపుకోరాదా" అంది మంగ్లీ. "మొఖం జూడు, వానల తడిసిన కోడి లెక్కున్నది."

"కలిస్తే మల్ల విడిపోవుడు లేదు బావా. నీ నోరు గూడ మా నోర్లల్లనే కలుస్తది. సోంచాయించుకో."

ఆ చివరి మాట రామనర్సయ్య విన్నాడు. కానీ చెవుల నిండా టికెట్టే ఉండటం వల్ల ముసలాడి హాస్యం అనుకున్నాడు.

గడప మీద బియ్యం పోసి కోడిని వదిలారు. అది ఆయన పాదాల దగ్గర గింజలు తింటే ఇంట్లో కలిసినట్టు. ఆ కోడి బియ్యంతో ఆగకుండా ఆయన కాలి గోరు కూడా పొడిచి చూసింది. ఫొటోలు ప్రతి ఫోనులోకీ పాకాయి. నాలుగు రోజుల్లో టికెట్ ఆయనకే అని పార్టీ మాటిచ్చింది. హిడ్మా ఆయన్ను "తమ్ముడా" అని పిలిచిన ప్రతిసారీ రామనర్సయ్య ఛాతీ ఒక అంగుళం పెరిగేది.

నెల తిరక్కుండానే ఊరి ఇప్పతోపు మీదికి కంకర మిల్లు కంపెనీ వచ్చింది. తోపు కొట్టేసి గుట్ట తవ్వుతారట. ఊళ్ళోనే షామియానా వేసి, అధికారి వచ్చి జనం మాట వినే రోజు పెట్టారు. ఆ రోజు కోసం రామనర్సయ్య మూడు రోజులు అద్దం ముందు మాట్లాడి అద్దానికి విసుగు తెప్పించాడు.

"ఊరి తరఫున ఎవరు మాట్లాడతారు?" అని అధికారి అడిగాడు.

రామనర్సయ్య లేచాడు. వెనక నుంచి హిడ్మా ఆయన పంచె చెంగు పట్టుకున్నాడు.

"తమ్ముడా, కూసో."

"అన్నా, చెట్లు పోతయి."

"నువ్వు జెప్తే ఇంకా జల్ది పోతయి. ఇంటోడే లేసి ఇంటి గోడు జెప్పుకున్నట్టయితది. మావోళ్ళెవ్వరు దానికి ఊ అనరు."

"నేను ఎమ్మెల్యేని."

"రాయపూర్‌ల. ఈడ నా తమ్ముడివి."

రామనర్సయ్య చుట్టూ చూశాడు. ఎవరి ముఖంలోనూ కోపం లేదు. ఉంటే బాగుండేది. నలుగురు జరిగి ఆయనకు నేల మీద చోటిచ్చారు. ఆ చోట్లోనే కూర్చున్నాడు.

అధికారి రెండోసారి అడిగాడు. లేచి మాట్లాడటానికి ఊరికి ఇప్పుడు వియ్యపు వైపు మనిషి లేడు. అభ్యంతరం లేదని రాసుకోవడానికి కలం తీశాడు.

హిడ్మా చూపు షామియానా అంతా వెతికి ఒక గుంజ దగ్గర ఆగింది. రామనర్సయ్య పరువు పోతే ఫోనులో తీసుకుందామని ఉమేష్ అక్కడ నిలబడి ఉన్నాడు. హిడ్మా దగ్గరికి వెళ్ళి హల్బీలో "బావా" అని పిలిచాడు. ఉమేష్ వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో అనుకుని.

"నిన్నే. నీకీ ఊళ్ళో చుట్టాలు లేరు గద?"

"ఎవరూ లేరు."

"మంచిది. మా కోసం నువ్వు మాట్లాడు."

ఎదురుగా మైకు, చేతిలో ఫోను, నెత్తి మీద ఎన్నికలు. ఏ వకీలు వదులుకుంటాడు? ఉమేష్ చట్టాల నంబర్లు గడగడా చదివాడు. అధికారి కలం ఆగింది. అయితే తోపు అడుగున ఊట ఉందని, కింద నాలుగు పల్లెలు తాగేది ఆ నీళ్ళేనని ఉమేష్‌కు తెలియదు. మాటలు అయిపోయి నీళ్ళు నములుతున్నాడు.

"అన్నా, ఊట సంగతి" అన్నాడు రామనర్సయ్య. "ఆయనకు తెల్వదు."

"ఆయనకు జెప్పు. సాబ్‌కు మాత్రం జెప్పొద్దు."

ఆ ఊట సంగతి ఉమేష్ నోట వస్తే ఇరవై ఊళ్ళ ఓట్లూ అతనివే. అది రామనర్సయ్యకు తెలుసు. కింద పల్లెల ఆడవాళ్ళు ఖాళీ బిందెలు తెచ్చి ముందు వరసలో పెట్టుకుని కూర్చున్నారు. ఆయన లేచి వెళ్ళి, తనను బాహరీ అని గోడ గోడకూ రాయించినవాడి చెవిలో రెండు నిమిషాలు చెప్పాడు.

"ఇది నాకెందుకు చెబుతున్నావు?" అన్నాడు ఉమేష్ గొంతు తగ్గించి.

"ముందుగాల మాట్లాడయ్యా."

ఉమేష్ మాట్లాడాడు. ఊటను చూసొచ్చేదాకా తోపులో ఒక్క కొమ్మ కూడా కొట్టరాదని అధికారి రాసి సంతకం పెట్టాడు. జనం ఉమేష్‌ను ఎంత ఎత్తున ఎత్తారంటే షామియానా గుడ్డకు అతని తల అచ్చు పడింది. హిడ్మా అతని భుజం మీద చెయ్యి వేసి, ఏదో ఎగతాళి చేస్తూ, కల్లు చెట్ల వైపు తీసుకెళ్ళాడు.

హిడ్మా తమ్ముళ్ళందరూ చాపలు చుడుతున్నారు. ఒకడు పిలిస్తే వెళ్ళి రామనర్సయ్య రెండో కొన పట్టుకున్నాడు. ఇంతలో సోమమ్మ ఫోను.

"ఏం మాట్లాడినవయ్యా?"

"ఏం మాట్లాడలే" అని, ఫోను జేబులో వేసుకుని, ఇంకో చాప అందుకున్నాడు.