మొదటి మూడు నిమిషాలు

పరాయి భాషల సినిమాలు ఆడుతుండగా లుగాండా భాషలో కథ చెప్పడం లుబోవా పని. కంపాలాలోని వీడియో హాళ్లలో ముప్పై ఏళ్లు చెప్పాడు. ఇప్పుడు జనం ఫోన్లలో చూస్తున్నారు. వాండెగెయాలోని ఒక కంపెనీ పద్దెనిమిది మంది కథకుల సినిమాలను తన సర్వర్ నుంచి చూపిస్తుంది. నెలలో వెయ్యి మంది చివరిదాకా చూడకపోతే ఆ కథకుణ్ని తీసేస్తుంది. తొమ్మిది రోజులు మిగిలుండగా లుబోవాకు వచ్చింది మూడు వందల నలభై.

శనివారం పొద్దున ఆయన, కంపెనీ సర్వర్ చూసుకునే నబ్బోసా దగ్గరికి వెళ్లాడు. అక్కడ ఆడవాళ్లను న్యాబో అని, మగవాళ్లను సెబో అని మర్యాదగా పిలుస్తారు.

"న్యాబో, నా గొంతు పోయిందంటున్నారు మీవాళ్లు. విని చెప్పు."

"గొంతుకేం సెబో, పక్క వీధి కుక్కలు ఇప్పటికీ ఉలిక్కిపడుతున్నాయి."

"వేళాకోళం తర్వాత. ముందు విను."

నబ్బోసా తన ఫోన్‌లో ఆయన సినిమా తెరిచింది. తెర మీద చక్రం పదకొండు సెకన్లు తిరిగింది. ఒక కుర్ర కథకుడి సినిమా తెరిచింది. అది సెకనులో మొదలైంది. తర్వాత సర్వర్ చిట్టా చూసింది. లుబోవా సినిమా తెరిచిన ప్రతి వందమందిలో డెబ్భై ఒక్కరు ఆయన మొదటి మాట వినకముందే వెళ్లిపోయారు.

ఆ ఏర్పాటు ఆమెదే. సర్వర్‌లో రెండు రకాల డ్రైవులున్నాయి. ఎస్‌ఎస్‌డీలు వేగంగా ఇస్తాయి, చోటు తక్కువ. హార్డ్ డిస్కుల్లో చోటు ఎక్కువ, నెమ్మది. ఎక్కువమంది చూసేవి ఎస్‌ఎస్‌డీలో, మిగతావి హార్డ్ డిస్కుల్లో ఉండేలా రెండేళ్ల కింద ఆమే పెట్టింది. లుబోవా సినిమాలు చూసేవాళ్లు తగ్గి హార్డ్ డిస్కులకు చేరాయి. అక్కడికి చేరాక చూసేవాళ్లు ఇంకా తగ్గారు.

"మీ గొంతు కాదు సెబో. తప్పు నాది."

"అయితే నావి కూడా ఆ వేగం దాంట్లో పెట్టు."

"నాలుగు వందల సినిమాలు చెప్పారు మీరు. ఎక్కడ పెట్టను?"

"నోరు కాస్త అదుపులో పెట్టుకోవాల్సింది," అన్నాడు లుబోవా.

నబ్బోసాకు ఒక సంగతి తట్టింది. ఇక్కడ జనం పోస్టర్ చూసి సినిమా ఎంచుకోరు. కథకుడు మొదట్లో ఎలా పలకరిస్తాడో విని ఎంచుకుంటారు.

"మీ పలకరింపులు ఎంతసేపు?"

"మూడు నిమిషాలు. చూసేవాళ్ల ఊళ్ల పేర్లన్నీ చెప్పాలిగా."

"చాలు."

మధ్యాహ్నానికల్లా ఆమె పద్దెనిమిది మంది సినిమాల్లోనూ మొదటి మూడు నిమిషాలను ఎస్‌ఎస్‌డీలో పెట్టింది. అవి నడిచేలోగా మిగతాది హార్డ్ డిస్కు అందిస్తుంది.

నెలాఖరుకు లుబోవా లెక్క ఎనిమిది వందల డెబ్భై. యజమాని కగ్గ్వా తీసేయాల్సినవాళ్ల జాబితా రాసుకున్నాడు. అందులో మొదటి పేరు లుబోవాది.

నబ్బోసా వెళ్లి ఆయన బల్ల మీద ఒక కాగితం పెట్టింది. మార్చకముందు వందకు డెబ్భై ఒక్కరు మాట వినకుండానే పోయారు. మార్చాక పదిహేడు మంది.

"పాత లెక్క నా తప్పు వల్ల వచ్చింది సెబో. మార్చిన రోజు నుంచి ఒక నెల లెక్కపెట్టండి."

"అందరికీనా?"

"అందరికీ."

కగ్గ్వా కాగితం రెండుసార్లు చదివి జాబితా చించేశాడు.

లుబోవా వరండాలో నిలబడి ఉన్నాడు. "ఏమన్నాడు?"

"ఇంకా పన్నెండు రోజులు... కాదు, ఇరవై ఒకటి. ఇరవై ఒక్క రోజులున్నాయి మీకు."

"ముందు నీ లెక్కలు సరిచేసుకో న్యాబో," అని ఆయన రికార్డింగ్ గదిలోకి వెళ్లాడు.