నాలుగింటిదాకా ఉంచిన చోటు

ఫుట్‌బాల్ ఆట ఉన్న శనివారం ఆ కాలేజీ ఊళ్ళో మనిషికి విలువ లేదు, జాగాకే విలువ. వెల్డా టార్వర్ రెండేళ్ళుగా ఆ ఊరి చివర, బండ్లు నిలుపుకోడానికి చోట్లు అద్దెకిచ్చే క్యాంపు గ్రౌండులో కాపురం ఉంటోంది. ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ట్రైలరే ఆమె ఇల్లు. మంచం, పొయ్యి, కుర్చీ, కుర్చీలో మొగుడు లామర్. కాలేజీ క్యాంటీన్లో పిల్లలకి బిస్కెట్లనే మెత్తటి రొట్టెలూ, గ్రేవీ వడ్డించి వస్తుంది. నెలనెలా అద్దె కడుతుంది, ఎవరి జోలికీ పోదు. అయినా ఊళ్ళో ఆట ఉంటే మాత్రం శుక్రవారం మధ్యాహ్నానికల్లా చోటు ఖాళీ చెయ్యాలి. ఏడాది ముందే ఆ చోటుని ఎవరో డాక్టరుగారో వకీలుగారో పట్టుకుని ఉంటారు. జెండాలు కట్టిన బస్సంత బండిలో దిగి, రెండు రోజులు మాంసం కాల్చుకుని, గొంతులు పోయేలా అరుచుకుని పోతారు. ఆదివారం సాయంత్రం వాళ్ళ ఎంగిలి కప్పులు ఏరుకుంటూ వెల్డా మళ్ళీ తన చోటికి వస్తుంది. శరత్కాలంలో ఇలా ఏడుసార్లు. ఇదేం న్యాయమని అడిగితే మేనేజరు పాపం మంచివాడే, తల గోక్కునేవాడు.

అందుకే ఆమె దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. చుట్టుపక్కల డెబ్భై మైళ్ళలో ఉన్న క్యాంపు గ్రౌండులన్నీ అందులో ఉన్నాయి. ఫోను నంబరు, దాని కింద తన అభిప్రాయం. "నీడ బాగుంది, కరెంటు ప్లగ్గు వదులు." "స్నానాల గదిలో కప్పలు, అయినా మనుషులు మంచివాళ్ళు." "పక్కనే రైలు." ఒక్కదాని కింద మాత్రం లామర్ పట్టుబట్టి రాయించాడు: "చచ్చినా రావద్దు." అది మిస్ ఓపల్ అనే ఆవిడది. చేపల ఎరలు అమ్మే కొట్టు వెనక నాలుగంటే నాలుగే చోట్లు. పడుకున్నంతసేపూ వానపాముల కంపు.

వెల్డాకి నీడ అక్కర్లేదు, చెరువు అక్కర్లేదు. కరెంటు కావాలి. లామర్ ముప్పై ఏళ్ళు నూలు మిల్లులో పనిచేశాడు. మిల్లు మూతపడింది కానీ ఆ దూది ఆయన ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. ఇప్పుడాయన ముక్కుకి గొట్టం, గొట్టానికి ఆక్సిజన్ మిషను, మిషనుకి ప్లగ్గు. ప్లగ్గు పీకితే బ్యాటరీ నాలుగు గంటలొస్తుంది. అదయ్యాక గంటసేపటికి సరిపడే చిన్న సిలిండరొకటి. అంతే, ఇంకేం లేదు.

ఆగస్టులో ఒకసారి కరెంటు దొరక్క ఆస్పత్రికి పరుగెత్తింది. అక్కడి ఆఫీసు అమ్మాయి కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. మళ్ళీ ఇలా వస్తే ఆయన్ని ట్రైలరుకి పంపడం కుదరదండీ, కరెంటుకి పూచీ లేని ఇంటికి మనిషిని పంపకూడదు, నేరుగా నర్సింగ్ హోముకే రాస్తారు అని. ఇంట్లో చూసుకోలేని రోగుల్ని చివరిదాకా ఉంచేసే ఆ నర్సింగ్ హోము తొంభై మైళ్ళ దూరం. వెల్డా ఆ మాట విన్నప్పట్నుంచీ కంటినిండా నిద్రపోయింది లేదు. ముప్పై నాలుగేళ్ళు ఒకే మంచం మీద పడుకున్న మనిషిని ఎక్కడో వరసగా వేసిన మంచాల్లో ఒకదాని మీద వదిలేసి రావడం ఆమె వల్ల కాదు.

ఈ శనివారానికి అంతా ముందే చూసుకుంది. జిల్లా సంత మైదానంలో చోటు చెప్పుకుంది. తీరా గురువారం గాలివానకి అక్కడి కరెంటు స్తంభం పడిపోయింది. శుక్రవారం పన్నెండింటికి ట్రైలరు తగిలించుకుని రోడ్డెక్కేసరికి ఆమె చేతిలో ఏ చోటూ లేదు. పెట్రోలు బంకు పక్కన ట్రక్కు ఆపి, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని నంబర్లు నొక్కుతూ కూర్చుంది. లేదు. లేదు. ఒకాయన నవ్వాడు, ఆట రేపు పెట్టుకుని ఇవాళా అడిగేది అని. ఒకావిడ దేవుడి దయ ఉంటే దొరుకుతుందిలే అంది, ఆ దేవుడేదో నీ దగ్గర ఒక చోటు ఖాళీ పెట్టుంటే బాగుండేది అనబోయి వెల్డా నోరు నొక్కుకుంది. ఒంటిగంటన్నర అయింది. అరచేతులు చెమట పట్టి పేజీలు తడుస్తున్నాయి.

లామర్ పక్క సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మాట్లాడితే ఆయాసం, అందుకని చమత్కారాలు కూడా పొదుపుగా వాడతాడు. "స్టేడియంలోనే ప్లగ్గు అడక్కపోయావా," అన్నాడు. ఆమె పేజీ తిప్పింది.

ఆ తర్వాత నంబరు ఏటి అవతల, జలాశయం ఒడ్డున ఉన్నది. గ్రేడీ అనే ఆయన ఎత్తాడు. ఒక్క చోటుందమ్మా, ఇప్పుడే ఎవరో మానుకున్నారు, కరెంటు గట్టిది అన్నాడు. ఫోను మీద రాసుకోనన్నాడు. "నాలుగింటిదాకా ఉంచుతా. ఆపైన ఎవరు ముందొస్తే వాళ్ళది."

వెల్డా ట్రక్కు గడియారం చూసుకుంది. రెండున్నర గంటలుంది. దారి గంట. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. "దొరికిందయ్యా, నాలుగింటిదాకా ఉంచుతాడట," అంది. లామర్ గడియారం వైపొకసారి చూసి, తల ఊపి, మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

ఎదురుగా వచ్చే దారంతా జెండాల కార్లే. అందరూ ఊళ్ళోకి, వీళ్ళొక్కళ్ళే బయటికి. మిల్లు లోయ దగ్గరపడేసరికి వెల్డా మనసు కాస్త కుదుటపడింది. ఇక్కడే ఆమె కోడలిగా అడుగుపెట్టింది. పుట్టిల్లు కాలేజీ ఊరి వైపు. దేశంలోని రెండు టైముల మధ్య సరిహద్దు ఈ ఏరే: ఆ వైపు గడియారం గంట వెనక, ఏటి అవతల గంట ముందు. మిల్లు లోయ ఏటికి ఇవతలే ఉన్నా అవతలి గడియారంతోనే బతుకుతుంది, ఎందుకంటే మిల్లు యజమానులు అవతలి వాళ్ళు, మిల్లు కూత వాళ్ళ టైముకి కూసేది. పెళ్ళి రోజున పదకొండింటికని చెబితే వెల్డా వాళ్ళు తమ గడియారం చూసుకుని తాపీగా చర్చికి వెళ్ళారు, గంట ఆలస్యంగా. చుట్టాలు సగంమంది లేచిపోయారు. లామర్ కొత్త కోటేసుకుని, అక్టోబరు ఎండలో, ఆ గంటసేపూ చర్చి మెట్ల మీదే కూర్చున్నాడు. రాదు లేరా అని వాళ్ళన్న అంటే, వస్తుంది, దాని టైములో అది వస్తుంది అన్నాడట. అప్పట్నుంచీ ఎవరే టైము చెప్పినా ముందు టైమా, వెనక టైమా అని అడగడం ఆయన పనైపోయింది. పెళ్ళికైనా, పంటి డాక్టరుకైనా. వెల్డా ఆ సంగతి తలకెక్కించుకోవడమే మానేసింది, అడిగే మనిషి పక్కనే ఉండగా ఎందుకని.

లోయ దాటాక రోడ్డు పక్కన వేరుశనక్కాయలు ఉడకబెట్టి అమ్మే బండి కనబడింది. లామర్ చెయ్యెత్తాడు. "తినాలనుంది. ఆపుతావా?"

ఆయన నోరు తెరిచి ఇది తింటానని అడిగి నెల దాటింది. వెల్డా సంబరపడిపోయింది. టైము బోలెడుంది కదా అని ఆపేసింది. కాయలు ఇంకా ఉడకలేదు, కాసేపు ఆగమన్నాడు బండివాడు. ఆగింది. లామర్ ట్రక్కులోంచి అద్దం దించి, వేడివేడిగా ఉన్నవే కావాలన్నాడు. ముప్పావుగంట పట్టింది. ఉప్పునీళ్ళు కారుతున్న సంచి ఆయన ఒళ్ళో పెట్టి, మళ్ళీ బయల్దేరి, వంతెన దాటి, గ్రేడీ గేటు ముందు ఆపేసరికి ట్రక్కు గడియారంలో మూడు ఇరవై.

గ్రేడీ బక్కపల్చటి మనిషి, చేతిలో చీపురుంది. వెల్డా పేరు చెప్పగానే ఆయన ముఖం మాడిపోయింది. "ఇచ్చేశానమ్మా. నాలుగూ ఐదుకి ఇచ్చేశా. మీకోసం ఐదు నిమిషాలు ఎక్కువే చూశాను."

"ఇంకా మూడున్నరైనా కాలేదు కదయ్యా," అంది వెల్డా.

గ్రేడీ కిటికీలోంచి తొంగి ట్రక్కు గడియారం చూశాడు. "అది వెనక టైమమ్మా. మీరు వంతెన దాటారు."

వెల్డా కూడా ఆ గడియారం వైపు చూసింది. ఇంత చిన్న సంగతి. ఈ లోయలో చంటిపిల్లలు కూడా అడిగే సంగతి. ఇంక బ్యాటరీ నలభై నిమిషాలు. అవతల చెట్ల కింద జెండాల బండి అప్పటికే ఆ చోటి కరెంటు స్తంభానికి తగిలించుకుని, బయట టీవీ కూడా పెట్టుకుంది. ఒక స్తంభానికి ఒక బండే, రెండోది తగిలిస్తే వరసంతా కరెంటు పోతుంది, అదొక్కటీ అడక్కమ్మా అని గ్రేడీ బతిమాలుతున్నాడు. ఆమె వినడం లేదు. తప్పు నాదే, తప్పు నాదే అని చెప్పడానికి లామర్ వైపు తిరిగింది.

లామర్ ఒళ్ళో శనక్కాయల సంచి అలాగే ఉంది. మూతి కూడా విప్పలేదు. చల్లారిపోయింది. ఆయన ఆమె వైపు చూడటం లేదు.

అప్పుడర్థమైంది వెల్డాకి.

ఆమె ముందు పని చూసింది. స్నానాల గదిలో గడ్డం గీసుకునే ప్లగ్గు ఉంటుందని ఆమెకి తెలుసు, ప్రతి గ్రౌండులోనూ ఆ సంగతి రాసిపెట్టుకుంటుంది. గ్రేడీ ఆరింటిదాకా ఉండనిచ్చాడు, ముందు టైము, ఆపైన జనం స్నానాలకొస్తారు. ప్లాస్టిక్ కుర్చీ వేసి లామర్‌ని కూర్చోబెట్టి, మిషను గోడకి తగిలించింది. తడి నేల మీద తాను గొంతుక్కూర్చుంది.

"వాడు నాలుగన్నప్పుడే అది ముందు టైమని నీకు తెలుసు," అంది.

లామర్ కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "తెలుసు."

"శనక్కాయలు కూడా అందుకే."

"నువ్వు నన్నా నర్సింగ్ హోములో దింపవు, వెల్డా. నేను పోతానంటే పోనివ్వవు." ఒక్కో ముక్కకీ ఆగుతున్నాడు. "అరవై ఒకటి నీకు. ఈ బండి లాక్కుంటూ... ఆ పుస్తకం పట్టుకుని... చోటు దొరక్కపోతే ఎవరి తప్పూ కాదనుకున్నా. ఆస్పత్రివాళ్ళే రాసేస్తారు. నువ్వు పడుకుంటావు."

వెల్డాకి కోపమొచ్చింది. ఎంత కోపమంటే ఏడుపు కూడా దాని ముందు నిలవలేదు. ఆయన చేతులు చూసింది. గోళ్ళ కింద నీలం తిరుగుతోంది. ఆ చేతుల్ని పట్టుకోవాలనీ ఉంది, విసిరికొట్టాలనీ ఉంది.

"ఆ రోజు నాకోసం మెట్ల మీద గంటసేపు కూర్చున్నావు," అంది. "ఇవాళ ఆ గంట నా దగ్గర్నుంచి దొంగిలించావు. నన్ను పడుకోబెట్టడానికా? నువ్వు లేని మంచం మీద నేనెలా పడుకుంటాననుకున్నావు, ఎప్పుడైనా అడిగావా నన్ను?"

బయట జెండాల బండి టీవీలో ఎవరో అరుస్తున్నారు. ఆమె నోటుపుస్తకం తీసి, ఫోను దాని మీద పెట్టి, రెండూ ఆయన ఒళ్ళో పడేసింది.

"ఇంకా అడగని నంబర్లు నాలుగున్నాయి. నావల్ల కాదు, నా నోరెండిపోయింది. నీకు పోవాలనుంటే ఆ ఫోనులో ఆస్పత్రి నంబరు కూడా ఉంది, నొక్కు. నేనే తీసుకెళ్తా, ఇంకో మాటనను. ఉండాలనుంటే మాత్రం నువ్వే అడుగు."

ఆమె గోడకి చేరబడి కళ్ళు మూసుకుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి తన చేతిలో ఏ పనీ లేదు. మిషను ఊపిరి తీస్తూ వదులుతూ ఉంది. చాలాసేపు ఇంకే చప్పుడూ లేదు. ఆయన ఆస్పత్రి నంబరే వెతుకుతున్నాడనుకుంది. అనుకుని, లేచి ఆపకుండా ఉండటానికి పళ్ళు బిగపట్టింది.

పేజీ తిప్పిన చప్పుడైంది. తర్వాత నంబరు నొక్కిన చప్పుడు.

మొదటిది లేదన్నారు. రెండోది ఎవరూ ఎత్తలేదు. మూడోచోట లామర్ దగ్గు ఆగక వాళ్ళే పెట్టేశారు. ఆయన నుదురు తుడుచుకుని నీళ్ళు తాగి మళ్ళీ నొక్కాడు. ఆ పుస్తకంలో ఇక మిగిలింది ఏదో వెల్డాకి కళ్ళు తెరవకుండానే తెలుసు.

"మిస్ ఓపల్? లామర్ టార్వర్‌ని మేడమ్. అవును, వానపాముల గురించి గొడవపెట్టుకున్నవాణ్ణే." ఆగాడు, అవతల ఆవిడేదో దులిపేస్తోంది, మొత్తం విన్నాడు. "నాదే తప్పు మేడమ్. కరెంటున్న చోటేదైనా ఉందా? మా ఆవిడా, నేనూ." మళ్ళీ ఆగాడు. "ఆరింటిదాకానా."

వెల్డా కళ్ళు తెరిచింది. గ్రేడీ గోడ గడియారంలో, ముందు టైములో, ఐదవడానికి పది నిమిషాలుంది. ఎరల కొట్టుకి ట్రైలరుతో గంటన్నర దారి. ఆరింటికి అందేది కాదు.

లామర్ గొట్టం సర్దుకుని, ఊపిరి నిండా పీల్చుకున్నాడు.

"ఒక్క మాట మేడమ్. ముందు టైమా, వెనక టైమా?"

అవతల ఆవిడ చెప్పింది విని, ఫోను గుండెకానించుకుని, భార్య వైపు చూశాడు. ఈ పొద్దున్నుంచీ ఆయన ఆమె ముఖంలోకి చూడటం అదే మొదలు.

"వెనక టైమంట. బండి తియ్యి, ఇంకా రెండు గంటలుంది."