చిత్రగుప్త వెనక గది

ఆమనిని మెట్లు దింపింది ఇద్దరు సెక్యూరిటీ గార్డులే. కానీ చివరి మెట్టు దగ్గర వీపు మీద చెయ్యి వేసి తోసింది మాత్రం వాళ్లు కాదు. మా కంపెనీ యజమాని రామ్మోహనరావు.

మధ్యాహ్నం భోజనాల వేళ. నాచారం పారిశ్రామికవాడలో పాత రేకుల షెడ్డుకు అద్దాలు బిగించి ఆఫీసు చేశారు. ఆ అద్దాల వెనక నుంచి మేమందరం చూస్తున్నాం. గేటు దగ్గర ఆమె బ్యాగు బోర్లించారు. కంపెనీ డేటా ఏమైనా దాచిందేమోనని టిఫిన్ డబ్బా మూత తీసి, పప్పన్నంలో పెన్ను పెట్టి కెలికి, కింద పారబోశారు. మెడలో ఐడీ కార్డు తాడు పట్టి లాగితే మెడ మీద ఎర్రటి వాత తేలింది.

"బ్లాగులో ఆ పోస్టు తీసెయ్. తప్పయిందని రాయి. రేపొచ్చి నీ సీట్లో కూర్చో," అన్నాడు రామ్మోహనరావు, రోడ్డు మీద టీబండి దగ్గర నిలబడ్డవాళ్లకు కూడా వినబడేలా.

"నేను రాసినదాంట్లో అబద్ధం ఎక్కడుందో చూపించండి సార్. అది తీసేస్తాను."

"నా కంపెనీ గురించి రాయడానికి నువ్వెవరివే?"

"మీ కంపెనీలో పని చేసేదాన్ని."

గేటు వేయించాడు. కిందికి దిగబోయిన నాకు మా టీమ్ లీడర్ గిరిప్రసాద్ అడ్డంగా నిలబడ్డాడు. "దిగినవాళ్లు మళ్లీ ఎక్కక్కర్లేదు. సార్ చెప్పమన్నారు."

ఆమని ఏడవలేదు. నేలపాలైన అన్నం వైపు చూడలేదు. తలెత్తి మా అద్దాల వైపు చూసింది. ఆ చూపు తగిలిన దగ్గర్నుంచి నా ఒంట్లో పగ తప్ప ఇంకేమీ మిగల్లేదు.

నా పేరు పూర్ణిమ. మాది ఉప్పల్. మేం చేసే పనేమిటో తెలిస్తేనే ఈ పగ ఎందుకో మీకు అర్థమవుతుంది. పరాయి దేశపు ఆసుపత్రుల్లో డాక్టర్లు ఒక్కొక్క రోగి గురించి మాట్లాడి రికార్డు చేస్తారు. అది విని రోగం, మందు, మోతాదు తప్పు పోకుండా టైపు చేసి పంపాలి. లాలాపేట్ నుంచి, మల్కాజిగిరి నుంచి, అన్నోజిగూడ నుంచి వచ్చే ఆడపిల్లలమే ఎక్కువ. ఒకరోజు రామ్మోహనరావు ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. చిత్రగుప్త అని పేరు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. మాట వింటే అదే రాసేస్తుందన్నాడు. రాసేది, తప్పుల తడకగా. ఆ తప్పులన్నీ మేం దిద్దాలి. మేం దిద్దిన ప్రతి మాటా అది నేర్చుకునేది. "మీరిప్పుడు రాసేవాళ్లు కాదు, దిద్దేవాళ్లు," అని మా జీతాలు కోశారు. అది కాస్త నేర్చినప్పుడల్లా మాలో కొందరి కుర్చీలు ఖాళీ అయ్యేవి. మమ్మల్ని ఊడగొట్టే విద్యను మా చేతే దానికి నేర్పించాడు.

ఆమని వాళ్ల నాన్న తెనాలి నుంచి వచ్చి మల్కాజిగిరిలో స్థిరపడ్డ గుమాస్తా. ఆమె ఇంటర్నెట్‌లో తెలుగులో బ్లాగు రాసేది. కొత్త ఫోను వచ్చిందంటే దాన్ని బిగించిన చేతులెవరివని అడిగేది. పెద్ద కంపెనీ మనుషుల్ని తీసేసి దానికో అందమైన ఇంగ్లీషు పేరు పెడితే, ఆ పేరును ఒలిచి లోపల ఏముందో చూపించేది. మేం క్యాంటీన్లో ఒకే ఫోను మీదికి తలలు వంచి చదివేవాళ్లం. పేపర్లో పండగలా కనిపించిన వార్త ఆమె రాతలో మా ఇంటి గొడవలా ఉండేది.

అది రెండువేల పదకొండు. సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు బందు. ఉప్పల్ నుంచి నాచారం దాకా నడిచి డ్యూటీకి పోయేవాళ్లం. ఏ టీవీ పెట్టినా ఒకటే చర్చ: తెలంగాణ వస్తే ఐటీ కంపెనీలు ఉంటాయా, పోతాయా? ఒక చర్చలో మా రామ్మోహనరావు కూర్చున్నాడు, కాలు మీద కాలేసుకుని. "ఎవరు సమ్మె చేసినా నాకు ఫరవాలేదండీ. నా చిత్రగుప్త సమ్మె చెయ్యదు. అది తనంతట తనే నేర్చుకుంటుంది. మనిషితో అవసరం తీరిపోయింది," అన్నాడు. యాంకర్ చప్పట్లు కొట్టింది.

మర్నాడు ఆమని రాసింది:

"తనంతట తనే నేర్చుకునే యంత్రం నాచారంలో లేదు. కొందరు ఆడవాళ్ల చెవులు కోసి దానికి అతికించారు, అంతే. కంపెనీలు ఉంటాయా పోతాయా అని అందరూ వాదిస్తున్నారు. ఉన్న కంపెనీలో మనుషులు ఉంటారా పోతారా అని అడిగేవాళ్లు ఏ పక్కనా కనబడటం లేదు. రాష్ట్రం ఒకటిగా ఉన్నా రెండైనా, ఆ ప్రశ్న మనమే అడగాలి."

దాని కిందే తన పేరు రాసుకుంది. అందుకే ఆ గేటు, ఆ తోపు.

ఆ సాయంత్రం ఉప్పల్లో మా డాబా మీద కూడాం. ఆమని కూడా వచ్చింది, మెడకు చున్నీ చుట్టుకుని. మా నాన్న బిక్షపతి నాచారంలోనే ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేశాడు. అది మూతపడ్డాక వెల్డింగ్ షాపు పెట్టుకున్నాడు. ఓ మూల కూర్చుని బీడీ కాలుస్తూ వింటున్నాడు.

ముందు నోరు విప్పింది శివశంకర్. మా షిఫ్టులో ఉన్న కొద్దిమంది మగపిల్లల్లో ఒకడు, నాచారం ఊరివాడు. "నన్ను కేబిన్లకు పిలిచి ఏమన్నడో ఎర్కేనా? 'ఆమె ఆంధ్రా మనిషి, మీ తెలంగాణ పిల్లల నౌకర్లు ఊడగొట్టనీకే రాస్తంది, జర దూరముండు' అన్నడు."

భీమవరం నుంచి వచ్చిన హరిత చప్పున తలెత్తింది. "అదేంటి? నాతో వేరేలా చెప్పాడు. 'ఈ సమ్మెగాళ్లు దాన్ని ఎగదోశారు, మనవాళ్లం మనం జాగ్రత్తగా ఉండాలమ్మా' అన్నాడు. మనవాళ్లం అంట!"

మా నాన్న ఒక్కడే నవ్వాడు.

"నవ్వుతవేందే నాయనా?" అన్నాను.

"నవ్వక ఏం జెయ్యాలె బిడ్డా? మమ్ముల గూడ గిట్లనే జీల్చిండు మా ఓనరు. పక్క మిషన్ మీదోడు మంచోడో కాదో సూసుకునెతందుకే మా టైమంత పాయె. ఫ్యాక్టరీకి తాళం బడ్డది. అప్పుడందరం ఒక్క తాననే నిలవడ్డం, గేటు బయట."

శివశంకర్ లేచి నిలబడ్డాడు. "మాటలొద్దు మామా. నేనొకటి జెప్త. దినాం పంపే రిపోర్టులల్ల మందుల మోతాదులు మార్చుదాం. పది అన్నకాడ వంద రాద్దాం. ఆ యంత్రానికి గదే నేర్పుదాం. వారం తిరగకముందే వాని కంపెనీ మునుగుతది."

"మంచి పని! మునగనీ!" అన్నారు ఇద్దరు ముగ్గురు. నా గొంతు కూడా అందులో ఉంది.

ఆమని చున్నీ విప్పింది. ఆ వాత చూశాం.

"నాకు లేదా పగ? మీ అందరికన్నా నాకే ఎక్కువ. కానీ ఆ వంద ఎవరు మింగుతారు శివా? రామ్మోహనరావా? ఎక్కడో మంచం మీద పడుకున్న మనిషి మింగుతాడు. అతను నన్ను తొయ్యలేదు. నా అన్నం కెలకలేదు."

"అయితే వాన్ని ఒదిలిపెడ్దామా అక్కా?"

"వదలనంటే వదలను. తగలాల్సింది వాడికే తగలాలి. ఇంకొకడి మీద పడకూడదు."

అప్పుడే హరిత ఆమనికి ఒక సంగతి చెప్పింది. విదేశీ ఆసుపత్రి వాళ్లు వస్తున్నారు. చిత్రగుప్తను కళ్లారా చూసి ఒప్పందం చేసుకుంటారు. టీవీ వాళ్లు కూడా వస్తారు. వేదిక మీద ఒక డాక్టరు మాట్లాడతాడు, పెద్ద తెర మీద యంత్రం రాస్తుంది. కానీ నల్ల గుడ్డ తెర వెనక గదిలో మేమందరం కూర్చుని, అది రాసిన తప్పులను పెద్ద తెర మీదికి ఎక్కకముందే దిద్దాలి. "దగ్గు కూడా వినబడకూడదని గిరిప్రసాద్ అందరికీ చెబుతున్నాడు," అంది హరిత.

ఆమని కళ్లల్లో ఒక వెలుగు చూశాను. అది మంచి వెలుగు కాదు. నాకు మహా నచ్చింది.

"చేతులు తీసెయ్యండి. ఏమీ పాడుచెయ్యొద్దు, ఏమీ మార్చొద్దు. వాడు చెప్పిందే జరగనివ్వండి. మనిషి లేకుండా రాయనివ్వండి."

"ఒక్కరు భయపడి టైపు కొడితే?" అన్నారు ఎవరో.

"ఒక్కల తోటి కాదు బిడ్డా," అన్నాడు నాన్న. "ఇంతమంది పని ఒక్కలు జేస్తే నడిసేటిదైతే, ఇంతమందిని ఎందుకు పెట్టుకుంటడు?"

అనుకున్న రోజు వచ్చింది. ఆఫీసు ముందు బంతిపూల తోరణాలు. లోపల ఏసీ గాలి, సెంటు వాసన. నల్ల తెర ఇవతల ఇరుకు గదిలో ఒకరి భుజం ఒకరికి తగిలేలా మమ్మల్ని కుక్కారు. తలుపు దగ్గర గిరిప్రసాద్ కాపలా.

అవతల రామ్మోహనరావు మాట్లాడుతున్నాడు. "లేడీస్ అండ్ జెంటిల్మెన్, దీని వెనక ఏ మనిషీ లేడు." చప్పట్లు. డాక్టరు మైకు అందుకున్నాడు.

హెడ్‌ఫోన్లలో మాట మొదలైంది. మేం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నా పక్కన హరిత కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసింది. వాటిని ఒళ్లో పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను. శివశంకర్ చేతులు కట్టుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. గదంతా అలాగే. ఒక్క కీబోర్డు కూడా మోగలేదు. ఆ నిశ్శబ్దం ఎంత తియ్యగా ఉందో ఎలా చెప్పను?

మా కంప్యూటర్లలోనూ, అవతల పెద్ద తెర మీదా చిత్రగుప్త రాయడం మొదలుపెట్టింది. రోగి గుండెనొప్పి లేదంటున్నాడని డాక్టరు ఇంగ్లీషులో అన్నాడు. 'డినైస్' అన్న మాట దానికి 'డైస్' అని వినబడింది. రోగి గుండెనొప్పితో చనిపోతున్నాడని రాసింది. అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. డాక్టరు పదిహేను మిల్లీగ్రాములన్నాడు. అది యాభై అని రాసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. తెర మీది అంకె చదివి, డాక్టరు మైకులోనే అన్నాడు, "ఈ మోతాదు ఇస్తే మనిషి పోతాడు."

తలుపు ధడాలున తెరుచుకుంది. రామ్మోహనరావు! టీవీలో కాలు మీద కాలేసుకున్న ఆ మనిషి మొహం తడిసిన అట్టలా ఉంది. ఆ మొహం నేను మర్చిపోలేదు. మర్చిపోదలుచుకోలేదు.

"ఏం చేస్తున్నారు మీరంతా?" గొంతు అణుచుకుని అరిచాడు.

"ఏం జేస్తలేం సార్," అన్నాను. "గదే జేస్తున్నం."

"టైపు కొట్టండి! కొట్టండే! గిరీ, నువ్వు కూర్చో!"

గిరిప్రసాద్ ఒక కీబోర్డు మీద పడ్డాడు. ఒక తప్పు దిద్దేలోగా తెర మీద మూడు కొత్త తప్పులు పుట్టాయి. చెమట కారిపోతోంది. రామ్మోహనరావు హరిత తలకున్న హెడ్‌ఫోన్లు లాగి నేలకేసి కొట్టాడు. "మీరు మళ్లీ ఈ ఊళ్లో ఎక్కడా పనిచెయ్యకుండా చేస్తాను!"

శివశంకర్ లేచాడు. కొడతాడనుకున్నాను. వెళ్లి నల్ల తెర పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. కొక్కేలు తెగి తెర మొత్తం కిందపడింది.

హాలంతా మా వైపు తిరిగింది. సూట్లు, కెమెరాలు, పూలబొకేలు అటు. ఇరుకు గదిలో కిక్కిరిసి కూర్చున్న ఆడవాళ్లం ఇటు. ముందు వరుసలో నెరిసిన జుట్టు విదేశీ ఆవిడ లేచి నిలబడింది. ఎవరు వీళ్లని అడిగింది.

"ట్రైనీలు మేడమ్, జస్ట్ ట్రైనీస్..." అన్నాడు రామ్మోహనరావు.

హరిత ముందుకొచ్చింది. "వియ్ ఆర్ చిత్రగుప్త, మేడమ్. ఆల్ ఆఫ్ అస్."

కెమెరాలు మా మీదికి తిరిగాయి. మేం హెడ్‌ఫోన్లు బల్లల మీద పెట్టి, ఆ సూట్ల మధ్య నుంచే నడిచి బయటికి వచ్చాం. తలుపు దాటుతూ వెనక్కి చూశాను. పెద్ద తెర ఆర్పేశారు. గిరిప్రసాద్ ఇంకా టైపు చేస్తూనే ఉన్నాడు.

ఒప్పందం పోయింది. ఏ చానల్లో రామ్మోహనరావు మనిషి అవసరం లేదన్నాడో అదే చానల్లో ఆ సాయంత్రం మా గది కనబడింది. ఉప్పల్ చౌరస్తాలో టీవీ షాపు ముందు జనం నిలబడి చూశారు. కడుపు నిండినట్టయింది.

కానీ వాడు ఊరుకుంటాడా? మర్నాడు ఆమనితో కలిసి, ఆమెను మళ్లీ పనిలోకి తీసుకోవాలని మేం గేటు ముందు బైఠాయించి ఉండగానే పోలీసు వ్యాను వచ్చింది. ఆమని బయటినుంచి కంప్యూటర్లలోకి చొరబడి యంత్రాన్ని పాడుచేసిందని కేసు. శివశంకర్ ఆస్తి ధ్వంసం చేశాడని ఇంకో కేసు. ఆ ఆస్తి నల్ల గుడ్డ.

"యంత్రం పాడవలేదు సార్," అంది ఆమని. "అది ఎప్పుడూ అంతే రాసేది. అడగండి వీళ్లని."

అడగలేదు. చెయ్యి పట్టుకున్నారు. మేం వ్యాను ముందు కూర్చున్నాం. లాఠీలు లేచాయి. మాతో పాటు వచ్చిన మా నాన్న నాకు అడ్డం వచ్చి భుజం మీద దెబ్బ తిన్నాడు. ఇద్దరినీ ఎక్కించుకుని వ్యాను కదిలింది. కిటికీ జాలీలోంచి ఆమని అరిచింది: "ఎవరూ క్షమాపణ రాయొద్దు!"

వ్యాను వెనకే నడిచి స్టేషన్ ముందుకు చేరాం. ఎండ నెత్తికెక్కేసరికి గిరిప్రసాద్ వచ్చాడు, కొత్త కబురుతో.

"అందర్నీ తీసుకుంటారట. పాత పనికే. ఎవరి మీదా కేసులుండవు. ఆమని ఒక్కర్తి సంగతి మాత్రం వదిలేయండి. ఆలోచించుకోండమ్మా, మీ మంచికే చెబుతున్నా."

ఎవరూ ఆలోచించుకోలేదు. మా అందరిలోకీ మెత్తని మనిషి హరిత, అతని దగ్గరికి వెళ్లి ముఖంలో ముఖం పెట్టింది. "ఆ గేటులో మొదటి అడుగు ఆమనక్కది. తర్వాతే మేం. మీ సార్‌కి ఇదే మాట చెప్పు. ఇంకోటి కూడా చెప్పు. చిత్రగుప్త దగ్గర కూర్చోవడానికి ఈ పారిశ్రామికవాడలో ఒక్కరంటే ఒక్కరు దొరకరు. మేం దొరకనివ్వం."

అతను వెళ్లిపోయాడు. అంతలో రోడ్డు మలుపు నుంచి ఒక గుంపు వచ్చింది. మెళ్లో మావి కాని ఐడీ కార్డులు. రకరకాల రంగుల తాళ్లు. వాళ్లు మాకు తెలియదు. స్టేషన్ మెట్ల మీద ఉన్న ఎస్సై గద్దించాడు, "ఎవరు పంపిన్రు మిమ్ముల?"

ముందు నిలబడ్డ అమ్మాయి అతనికి బదులు చెప్పలేదు. నా వైపు తిరిగింది.

"మాది మల్లాపూర్ అక్కా. బిల్లులు టైపు జేసే కంపెనీ. నిన్న టీవీల మిమ్ముల సూసినం. మా తాన గూడ ఇసొంటి మిషనే దెచ్చిండు, మా తోటే దిద్దిపిస్తున్నడు. నిన్న ఇద్దరిని తీసేసిండు. ఇయ్యాల మేం మీ తోటి కూసుంటం. రేపు మీరు మా గేటుకాడికి రావాలె."

జరిగి చోటిచ్చాం. వాళ్లు మా మధ్య కూర్చున్నారు. సాయంత్రానికి కుషాయిగూడ నుంచి ఇంకో గుంపు వచ్చింది.

ఆమని, శివశంకర్ ఇంకా లోపలే ఉన్నారు. కొందరిని స్టేషన్ ముందే ఉంచి, మర్నాడు తెల్లారేసరికి మిగతా వాళ్లం మల్లాపూర్‌లో ఉన్నాం. లోపలి నుంచి ఆ కంపెనీ ఓనరు కారు హారన్ మోగిస్తూనే ఉన్నాడు. గేటుకు అడ్డంగా కూర్చున్న వాళ్లలో ఒక్కరూ లేవలేదు.